ఆ పెద్ద ఇంటి గురించి

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఇల్లు బాగుంది. గదులు విశాలంగా ఉన్నాయి, వెలుతురు బాగా వస్తోంది. "ఏమంటావమ్మా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే "మా ఆఫీసులో అందరూ ఇలాంటివే తీసుకుంటున్నారు" అన్నావు. ఫోన్‌లో సరేలే అన్నాను గానీ ఆ మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. ఇల్లు కొనడానికి నేను అడ్డు చెప్పడం లేదు. ఆ "అందరూ" అన్న మాట గురించే నాలుగు ముక్కలు రాయాలనిపించింది. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో అందుకుంటావు, నేను చెప్పాలనుకున్నది సగంలో ఆగిపోతుంది.

డబ్బంటే నాకు చిన్నచూపు లేదు. డబ్బుదేముందిలే అనేవాళ్లకు సాధారణంగా డబ్బుకు లోటుండదు. చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు మనిషి బుర్ర కూడా సరిగా పనిచేయదు. తమిళనాడులో చెరకు రైతులకు పంట చేతికి రాకముందు ఒకసారి, డబ్బు అందాక ఒకసారి ఆలోచనాశక్తికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. ఆ ఫలితాలు 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. అదే రైతు కటకటగా ఉన్న రోజుల్లో బాగా వెనకబడ్డాడు, డబ్బు అందాక తేరుకున్నాడు. మనిషి తెలివి మారలేదు. అప్పులు, బాకీలు ఎలా తీర్చాలన్న టెన్షనే సగం బుర్రను తినేసిందన్నమాట. అందుకే నువ్వు సంపాదించుకుంటున్నందుకు, నీ కాళ్ల మీద నువ్వు నిలబడినందుకు నాకు ఎంత ధైర్యంగా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

అయితే లేమి నుంచి బయటపడటానికి సంపాదించడం వేరు, పక్కవాళ్లతో సమానం కావడానికి సంపాదించడం వేరు. మొదటిదానికి ఎక్కడో ఒకచోట ఒడ్డు కనిపిస్తుంది. రెండోదానికి ఒడ్డంటూ ఉండదు, ఎందుకంటే పక్కవాళ్లు కూడా ఆగరు.

బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో కూర్చున్నన్నాళ్లూ ఈ రెండు రకాల మనుషులనూ చూశాను. దరఖాస్తులో 'అప్పు ఎందుకు' అని ఒక గడి ఉంటుంది. పిల్లల ఫీజుకో, ఆపరేషన్‌కో వచ్చినవాళ్లు దాన్ని తడుముకోకుండా నింపేసేవారు. రెండో రకం వాళ్లు అక్కడికి వచ్చేసరికి ఆగేవారు. ఒకాయన బాగా గుర్తు. మంచి ఉద్యోగం, పే స్లిప్పులన్నీ పద్ధతిగా ఫైల్లో పెట్టుకొచ్చాడు. ఉన్న ఇంటికి అప్పు ఇంకా తీరలేదు, మరో ఇంటికి అడుగుతున్నాడు. ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఏం రాయమంటారు అన్నట్టు పక్కన కూర్చున్న భార్య వైపు చూశాడు. ఆవిడ తల దించుకుంది. అప్పుడు నా వైపు కాస్త వంగి, ఇంకెవరూ వినకూడదన్నట్టు, "మా తమ్ముడు తీసుకున్నాడండీ" అన్నాడు. నేను 'నివాసం కోసం' అని రాయించాను. కాగితాలు సక్రమంగా ఉన్నాయి, లోన్ శాంక్షన్ అయింది. ఏడాది తిరక్కుండా సోఫాలకూ అల్మరాలకూ టాప్-అప్ లోన్ కావాలని మళ్లీ వచ్చాడు. ఈసారి భార్య రాలేదు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఫోన్ మోగుతూనే ఉంది, ఆయన దాన్ని బోర్లించి పెడుతూనే ఉన్నాడు.

ఒక కొత్త వస్తువు ఇంట్లో అడుగుపెడితే మిగతావన్నీ పాతబడి కనిపించడం ఇప్పటి జబ్బు కాదు. ఫ్రెంచ్ రచయిత డిడెరో 18వ శతాబ్దంలోనే దీని గురించి రాశాడు. ఇంట్లో వేసుకునే కొత్త గౌను వచ్చాక తన గదిలోని పాత సామానంతా వెలవెలబోయిందని, ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవాల్సి వచ్చిందని వాపోయాడు. నువ్వు చూసిన ఇంటికి ఇప్పుడున్న మంచం సరిపోదు, పరదాలు సరిపోవు. అవి కూడా లెక్కలోకి రావాలి.

హార్వర్డ్‌లో సోల్నిక్, హెమెన్‌వే అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రశ్న అడిగారు. నీకు ఏడాదికి 50 వేల డాలర్లు, చుట్టూ ఉన్నవాళ్లకు 25 వేలు వచ్చే లోకం కావాలా? నీకు లక్ష వచ్చి, వాళ్లకు 2 లక్షలు వచ్చే లోకం కావాలా? ధరలు రెండు చోట్లా ఒకటే. సుమారు సగం మంది మొదటిదాన్నే కోరుకున్నారు. అంటే చేతికి వచ్చేది సగమైనా ఫరవాలేదు, పక్కవాడికంటే ఒక మెట్టు పైన ఉంటే చాలు. 1998లో వచ్చిన ఈ పరిశోధనలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇంకో సంగతి. ఇదే ప్రశ్న సెలవుల గురించి అడిగితే చాలామంది పక్కవాడి లెక్క పట్టించుకోలేదు. ఎక్కువ సెలవులు దొరికితే చాలన్నారు. పక్కింటివాళ్లకు నాలుగు వారాలు సెలవుంటే నీ రెండు వారాల విశ్రాంతి ఏమీ చేదెక్కదు. వాళ్ల ఇల్లు పెద్దదైతే మాత్రం నీ ఇల్లు రాత్రికి రాత్రే ఇరుకైపోతుంది.

మరి మనం చేస్తున్నదేమిటి? పక్కవాళ్లను చూస్తే విలువ తగ్గిపోయే వస్తువుల కోసం, ఎవరిని చూసినా విలువ తగ్గని తీరిక సమయాన్ని అమ్ముకుంటున్నాం. నిన్నే అనడం లేదు తల్లీ, నేను చూసిన మనుషుల్లో చాలామంది చేసింది ఇదే.

ఇంత డబ్బు వచ్చినా సుఖం లేదంటే నువ్వు నమ్మవని తెలుసు. నేనూ అంత తేలిగ్గా ఆ మాట అనను. స్వీడన్‌లో లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచినవాళ్లను గెలిచిన ఎన్నో ఏళ్ల తర్వాత ప్రశ్నించి 2020లో ఫలితాలు ప్రచురించారు. తమ జీవితం పట్ల వాళ్లకు తృప్తి పెరిగింది, పదేళ్లు దాటినా అది తగ్గలేదు. కానీ రోజూ ఎంత సంతోషంగా ఉంటున్నారు, మనసు ఎంత కుదురుగా ఉంది అన్నవాటిలో అంత మార్పు కనిపించలేదు. నాకది సబబుగానే తోస్తుంది. వెనక్కి తిరిగి చూసుకుంటే ఫరవాలేదు అనిపించడానికి డబ్బు పనికొస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే ఎవరితో నవ్వుతూ మాట్లాడతాం అన్నదానికి మాత్రం అది పెద్దగా సాయపడదు.

ఇంకొకటి చెప్పాలి. దీని గురించి ఎవరూ మాట్లాడరు. మనం కొనేది మన ఇంటితో ఆగదు. కెనడాలో లాటరీ తగిలినవాళ్ల ఇరుగుపొరుగును పరిశీలించారు. గెలిచిన మొత్తం ఎంత పెద్దదైతే, దగ్గరలో ఉన్న ఇళ్లలో ఆ తర్వాత దివాలా తీసినవాళ్లు అంత ఎక్కువయ్యారు. అలా దివాలా తీసినవాళ్ల ఆస్తుల్లో కార్లు, ఇళ్లు లాంటి పదిమందికీ కనిపించేవే పెరిగాయి, కనిపించనివి పెరగలేదు. గెలిచినవాడు ఎవరికీ ద్రోహం చేయలేదు, తన డబ్బు తాను ఖర్చు పెట్టుకున్నాడంతే. కానీ ఆ ఖర్చును చూసి పక్కవాళ్లకు నిద్ర పట్టలేదు. మీ ఆఫీసులో "అందరూ" కొంటున్నారని నువ్వు అన్నావు చూడు, రేపు నువ్వు కొన్నాక ఇంకో అమ్మాయి వాళ్లమ్మకు ఫోన్ చేసి ఆ "అందరూ"లో నిన్ను కూడా కలుపుతుంది.

నీ చిన్ననాటి స్నేహితురాలు మొన్న నాకు కనిపించింది. మీరిద్దరూ ఒకే పుస్తకం పంచుకుని చదివినవాళ్లు. ఈమధ్య కలవడం లేదా అని అడిగితే మొదట పని ఒత్తిడి అంది. కాసేపయ్యాక, "వాళ్లింటికి వెళ్లాలంటే చేతిలో ఏం పట్టుకెళ్లాలో తెలియడం లేదు ఆంటీ. తిరిగి వాళ్లను మా ఇంటికి పిలవాలన్నా బెరుకుగా ఉంది" అంది. నువ్వు ఆ పిల్లను ఒక్క మాట కూడా అని ఉండవు, నాకు తెలుసు. నీకు గొప్పలకు పోయే గుణం లేదు. అయినా మీ మధ్య దూరం వచ్చేసింది, అందులో ఎవరి తప్పూ లేదు. ఆ రోజంతా నాకు మనసు బాగోలేదు. నువ్వు ఇంకా పెద్ద ఇంట్లోకి మారితే ఆ పిల్ల గుమ్మం దాకా కూడా రాదేమోనని భయం వేసింది. నువ్వే ఒకసారి వాళ్లింటికి వెళ్లు. వస్తున్నానని ముందు చెప్పి వాళ్లను హైరానా పెట్టకు, ఖాళీ చేతులతో వెళ్లు.

డబ్బునే అన్నిటికంటే ముందు పెట్టుకున్నవాళ్లలో దిగులు, ఆందోళన ఎక్కువని కాసర్, రయాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1993లోనే రాశారు. దిగులుగా ఉన్నవాళ్లే వస్తువుల వెంట పడతారా, వాటి వెంట పడటం వల్లే దిగులు తెచ్చుకుంటారా అంటే, నా మటుకు నాకు రెండూ నిజమేననిపిస్తుంది. ఆఫీసులో మాట పడ్డ రోజు నువ్వు రాత్రి పన్నెండింటికి ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి ఆర్డర్ పెడతావు. ఆ డబ్బాలు వచ్చేసరికి ఆ బాధ ఉండదు, బిల్లు మాత్రం ఉంటుంది. అలాంటి రోజున నాకు ఫోన్ చెయ్యి. పన్నెండైనా ఫరవాలేదు.

ఇక ఇంటి సంగతి. నువ్వూ అల్లుడుగారూ బాగా ఆలోచించుకుని కావాలనుకుంటే తీసుకోండి, నేను మారు మాట్లాడను. కానీ ఈఎమ్ఐ లెక్క ఒక్క జీతం మీదే వేసుకోండి. రెండు జీతాలూ కలిస్తే తప్ప కట్టలేని ఇల్లు మీకు వద్దు. మీ ఇద్దరిలో ఒకరికి ఒంట్లో బాగోకపోయినా, పాపతో కొన్నాళ్లు ఇంట్లో ఉండాలనిపించినా, పై అధికారి మాటలు భరించలేక ఉద్యోగం మానేయాలనిపించినా మానేయగలగాలి. బ్యాంకువాళ్లు మీకు ఎంత ఇవ్వగలమో లెక్కేసి చెబుతారు. మీకు ఎంత చాలో వాళ్లు చెప్పరు, అది చెప్పడం వాళ్ల పని కాదు.

ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను. బ్యాంకు లోన్ ఆఫర్ లెటర్ ముందు పెట్టుకుని కూర్చో. వడ్డీ ఫిక్స్‌డా ఫ్లోటింగా, ముందే కట్టేస్తే ఛార్జీలేమైనా ఉన్నాయా, ఇన్సూరెన్స్ పేరుతో ఏమైనా కలిపారా, ఈ మూడూ నాకు చదివి వినిపించు. అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా ఇవ్వకండి.

ప్రేమతో
అమ్మ