సముద్రపు ఆవు బతుకు వల వేసేవారి చేతిలో ఉంది: అండమాన్ నికోబార్ లెఫ్టినెంట్ గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన లెఫ్టినెంట్ గవర్నర్ గారికి నమస్కారాలతో,

విషయం: డ్యూగాంగ్ సంరక్షణలో మత్స్యకారులకు పాత్ర, చట్టపరమైన భరోసా, వల నష్టానికి పరిహారం కల్పించడం గురించి.

డ్యూగాంగ్ అనే సముద్రపు ఆవు మీ దీవుల అధికారిక జంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే అదీ ఉంది. కాగితం మీద అంతకంటే పెద్ద పీట లేదు. అయినా నీల్, హావ్‌లాక్ చుట్టుపక్కల, లిటిల్ అండమాన్ దగ్గర, నికోబార్ వైపు ఒకటీ అరా కనిపించడమే తప్ప మందలు లేవు. కచ్ సింధుశాఖ, తమిళనాడు తీరం, మీ దీవులు, ఈ మూడు చోట్లా కలిపినా దేశం మొత్తం మీద కొన్ని వందలకు మించి ఉండవని అంచనా.

ఈ లేఖ తెలుగులో రాయడానికి కారణముంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వెళ్లి దీవుల్లో స్థిరపడ్డ కుటుంబాలు అక్కడి చేపల వేటలో ముందు వరసలో ఉన్నాయి. వల వేసేది వాళ్లే, అందులో డ్యూగాంగ్ చిక్కితే ముందుగా చూసేదీ వాళ్లే. ఆ క్షణంలో అటవీ శాఖ అక్కడ ఉండదు. అందుకే మేం అడుగుతున్నవన్నీ ఆ పడవ చుట్టూనే తిరుగుతాయి.

ముందు ఒక చిన్న లెక్క. ఆడ డ్యూగాంగ్ కడుపుతో ఉండేది ఏడాదికి పైగా. ఈతకు ఒక్క పిల్లే. ఆ పిల్ల ఏడాదిన్నర దాకా పాలు తాగుతుంది. మళ్లీ ఈనడానికి మూడు నుంచి ఏడేళ్లు పడుతుంది. మేత దండిగా ఉండి, ఏ ఆపదా లేకపోయినా ఒక గుంపు ఏడాదికి 5 శాతానికి మించి పెరగదు. అంటే ఇరవై ఉన్న చోట ఏడాదికి ఒక్కటి వలలో పోతే పెరుగుదల సున్నా. రెండు పోతే ఆ గుంపు తరిగిపోతున్నట్టే. సుమారు 70 ఏళ్లు బతికే జంతువు కాబట్టి, గుంపు కరిగిపోతున్న సంగతి చాలా కాలం పైకి కనిపించదు. పాతవే తిరుగుతుంటాయి, మనం బాగానే ఉన్నాయనుకుంటాం.

ఇక వల సంగతి. డ్యూగాంగ్ మేసేది సముద్రపు గడ్డి, రోజుకు ముప్పై నలభై కిలోలు. లోతు తక్కువ ఉన్న చోట, ముఖ్యంగా పోటు సమయంలో ఒడ్డు దగ్గరి గడ్డి మీదికి వస్తుంది. అడుగు వలలు కూడా చాలాసార్లు ఆ గడ్డి అంచులోనే పడతాయి, ఎందుకంటే చేపా అక్కడికే వస్తుంది. సన్న కన్ను (చిన్న రంధ్రాల) వలను ఎదిగిన డ్యూగాంగ్ చాలావరకు చింపుకుని పోగలదు. సొర, టేకు చేపల కోసం వేసే పెద్ద కన్ను, మందపాటి దారం వలతోనే చావు. ముందు రెక్కో తోకో చిక్కుతుంది, విడిపించుకోవాలని దొర్లుతుంది, దొర్లిన కొద్దీ చుట్టుకుంటుంది. మామూలుగా అది మూడు నాలుగు నిమిషాలకోసారి పైకి వచ్చి ఊపిరి తీసుకుంటుంది. పెనుగులాటలో ఆ గడువు ఇంకా తగ్గిపోతుంది.

అందుకే "గంటకోసారి వల చూసుకోండి" అనే సలహా ఇక్కడ పనికిరాదు. గంటకోసారి వెళ్తే గంటకోసారి శవం దొరుకుతుంది, అంతే. వల పక్కనే పడవ ఉండాలి, లేదా గడ్డి ఉన్న చోట ఆ రకం వల ఉండకూడదు. మూడో దారి లేదు. వలకు శబ్దం చేసే పరికరాలు కడితే జంతువు దూరంగా పోతుందని అమ్మేవాళ్లు వస్తారు. ఆస్ట్రేలియాలో డ్యూగాంగ్‌ల మీద వాటిని పరీక్షిస్తే, శబ్దం వినిపించినా అవి ఆ చోటు వదిలి పోలేదు. ఆ డబ్బు పరిహార నిధిలో వేయండి.

మొత్తం తీరాన్ని మూసేయమని మేం అడగడం లేదు. మూస్తే వేట రాత్రికి మారుతుంది, దీపం లేకుండా జరుగుతుంది, పరిస్థితి ఇంకా చెడుతుంది. అడుగుతున్నది ఇంతే: మేత జాడలు కనిపించే గడ్డి మైదానాల్లో 100 మిల్లీమీటర్లు దాటిన కన్ను ఉన్న అడుగు వలను, మనిషి కాపలా లేకుండా వదిలేసే రాత్రి వలను ఆపాలి. గాలం వేట, చేతి వల, కాపలాతో వేసే పై వల యథాతథంగా సాగనివ్వాలి.

ఆ మైదానాలేవో తేల్చడానికి ఉపగ్రహ చిత్రాలు ఒక్కటే చాలవు. డ్యూగాంగ్‌కు ఇష్టమైనవి హాలోఫిలా, హాలోడ్యూల్ అనే చిన్న ఆకుల పలచని గడ్డి. పైనుంచి చిక్కగా, పచ్చగా కనిపించేది చాలాచోట్ల ఎన్‌హాలస్ వంటి పొడవాటి నార గడ్డి, దాన్ని అది పెద్దగా ముట్టదు. పచ్చదనం చూసి గీత గీస్తే మేత లేని చోటుకు రక్షణ, మేత ఉన్న చోటుకు వల దక్కుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా వెనక్కి తగ్గినప్పుడు నడిచి చూస్తే మేత జాడలు తెలుస్తాయి. జానెడు అటూ ఇటూ వెడల్పుతో, కొన్ని మీటర్ల పొడవున, వేళ్లతో సహా పీకేసిన వంకర చాళ్లు అవి. ప్రతి మైదానానికి ఆ ఊరి వేటగాళ్లు ఇద్దరు, అటవీ సిబ్బంది ఒకరు నెలకు రెండుసార్లు ఆ చాళ్లు లెక్కపెట్టి, వెడల్పు కొలిచి రాస్తే చాలు. సన్న చాలు కనిపిస్తే పిల్ల ఉందని అనుమానించవచ్చు. ఇది కూలి ఇచ్చి చేయించాల్సిన పని. మరోమాట, మడ అడవుల పక్క చోట్లలో మొసళ్లుంటాయి. అక్కడ నడక వద్దు, పడవ మీంచే చూడాలి. ఈ చిన్న జాగ్రత్త ఉత్తర్వులో రాయకపోతే మొదటి ప్రమాదంతోనే పని ఆగిపోతుంది.

చిక్కింది ప్రాణంతో ఉంటే ఏం చేయాలో పడవ పడవకూ తెలియాలి. మొదటి పని ఇంజను ఆపి, ముక్కు నీటిపైకి వచ్చేలా వల పైతాడు, అంటే బెండ్లు కట్టిన తాడు, ఎత్తి పట్టుకోవడం. ముక్కు రంధ్రాలు మూతి పైభాగాన ఉంటాయి, అవి గాలిలో ఉంటే సగం గండం గడిచినట్టే. తరువాత తల దగ్గర, ఆపైన ముందు రెక్కల దగ్గర, చివరగా తోక దగ్గర వల కోయాలి. మొన గుండ్రంగా ఉండే కత్తి అయితే చర్మం తెగదు. కోయాల్సింది వల కన్నులను, తాళ్లను కాదు. బెండ్ల తాడు మిగిలితే వలలో చాలా భాగం మళ్లీ అల్లుకోవచ్చు, ఈ సంగతి చెబితే కోయడానికి చెయ్యి త్వరగా ముందుకు వస్తుంది. తోకకు తాడు కట్టి లాగకూడదు. వెనక్కి లాగితే ముక్కుల్లోకి నీరు పోయి అక్కడికక్కడే మునిగిపోతుంది. ఎదిగినది మూడు మీటర్ల దాకా పొడవు, నాలుగు వందల కిలోల దాకా బరువు. డోంగీలోకి ఎత్తబోతే పడవ తిరగబడుతుంది, తోక దెబ్బకు మనిషి ఎముక విరుగుతుంది. రెక్క మీదో మెడ మీదో వల ముక్క వేలాడుతూ వదిలేస్తే అది రోజుల తరబడి కోస్తూనే ఉంటుంది. చిక్కింది పిల్ల అయితే తల్లి చుట్టుపక్కలే తిరుగుతుంటుంది కాబట్టి, వదిలాక కూడా కాసేపు ఇంజను వేయకూడదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఫొటోల కోసం, అధికారులు వచ్చి చూడటం కోసం దాన్ని పట్టి ఉంచకూడదు. ఎక్కువసేపు పెనుగులాడిన జంతువుకు కండరాలు దెబ్బతిని, ఈదుకుంటూ వెళ్లినా తరువాత చచ్చిపోయే ప్రమాదం ఉంది. సాక్ష్యం కోసం ముప్పై సెకన్ల ఫోను వీడియో, స్థలం చూపే ఫోను తెర ఫొటో ఒకటి చాలు. గుజరాత్‌లో తిమింగల సొరచేపలను వదిలే పనికి మత్స్యకారులకే కెమెరాలు ఇచ్చి, వాళ్లు తీసిన చిత్రాలనే రుజువుగా తీసుకుని పరిహారం ఇచ్చారు. అధికారి రాక కోసం ఎదురుచూడాల్సిన పని తప్పింది.

ఇప్పుడు అసలు అడ్డంకి, భయం. చట్టంలో "వేట" అనే మాటకిచ్చిన అర్థంలో చంపడమే కాదు, పట్టడం, చిక్కించడం కూడా ఉన్నాయి. మొదటి షెడ్యూలు జంతువు విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తక్కువ కాని జైలు. కావాలని చంపినవాడికీ, వలలో చచ్చిపడి ఉంటే చూసినవాడికీ తేడా ఏమిటో రేవులో ఎవరూ చెప్పరు. దాంతో చచ్చినది రాయి కట్టి ముంచేయడమో, గప్‌చుప్‌గా కోసేయడమో జరుగుతుంది. ప్రభుత్వ లెక్కలో ఆ చావు ఉండదు. చావులు లేవు కాబట్టి సమస్యా లేదని నివేదిక వస్తుంది. చట్టాన్ని మార్చడం మీ చేతిలో లేదని తెలుసు. అయితే ఒక పరిపాలనా ఉత్తర్వు మీరు ఇవ్వగలరు. పొరపాటున చిక్కినట్టు ఇరవై నాలుగు గంటల్లోగా తెలియజేసి, జంతువును వదిలిన లేదా కళేబరాన్ని అప్పగించిన వారిని సాక్షిగా నమోదు చేయాలని, మాంసం, దంతం దాచినట్టు ఆధారముంటేనే కేసు కట్టాలని అందులో ఉండాలి. అది ఫారెస్టు గార్డు నుంచి కోస్టుగార్డు దాకా అందరికీ చేరాలి.

పరిహారానికి నమూనాలు ఉన్నాయి. రక్షిత సముద్ర జీవిని వదలడానికి వల కోసుకుంటే 25,000 రూపాయల దాకా ఇచ్చే పథకం మహారాష్ట్రలో 2018 నుంచి నడుస్తోంది. దీవుల్లో దాన్ని అలాగే దించితే ఒక చోట దెబ్బతింటుంది. బోటు కాగితాలు ఒకరి పేర ఉంటాయి, అద్దెకు తీసుకుని వేటకు వెళ్లేది ఇంకొకరు, వల మరొకరిది. డబ్బు కాగితాల్లో పేరున్నవాడికి పోతే వల కోసినవాడికి మిగిలేది కోసిన వలే. అందుకని పరిహారం రెండు భాగాలుగా రావాలి. వల నష్టం వల యజమానికి, ఆ రోజు పోయిన వేటకు బదులుగా పడవ మీద పనిచేసే కలాసీలకు సమాన వాటా. పదిహేను రోజుల్లో ఖాతాలో పడాలి. ఆరు నెలలకు వచ్చే పరిహారం కోసం రెండోసారి ఎవరూ వల కోయరు.

తమిళనాడు 2022 సెప్టెంబరులో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల డ్యూగాంగ్ సంరక్షణ రిజర్వు ప్రకటించింది, దేశంలో అదే మొదటిది. మీరూ అదే దారి పడితే ఒక లోపం ముందే సరిచేసుకోండి. చట్టంలోని 36బి సెక్షన్ ప్రకారం రిజర్వు నిర్వహణ కమిటీలో అటవీ శాఖ, గ్రామ పంచాయతీలు, స్వచ్ఛంద సంస్థలు, వ్యవసాయ శాఖ, పశుసంవర్ధక శాఖ ఉంటాయి. మత్స్య శాఖ పేరు లేదు! ఆవు కాబట్టి పశుసంవర్ధకం చాలనుకున్నారని నవ్వుకోవచ్చు గానీ, నేల మీద అడవిని తలచుకుని రాసిన సెక్షన్ అది. పైగా దీవుల రాజధానిలోని జంగ్లీఘాట్ రేవు నుంచి వచ్చే పడవలు పట్టణ మునిసిపాలిటీ పరిధిలోనివి. గడ్డి పక్క ఊరి పంచాయతీ సభ్యుడు వాళ్ల తరఫున మాట్లాడలేడు. కాబట్టి కమిటీకి అనుబంధంగా వల యజమానులు, కలాసీలు, చేపలు అమ్మే ఆడవాళ్లు, డైవింగ్ పడవలవాళ్లు, మత్స్య శాఖ కలిసిన ఉపసంఘం ఉండాలి. వల నియమాల మీద దాని మాటే ముందు వినాలి.

పర్యాటక పడవల గురించి రెండు మాటలు. గడ్డి మీద ఐదు మీటర్ల కంటే తక్కువ లోతున్న చోట వేగం 5 నాట్లు (గంటకు సుమారు 9 కిలోమీటర్లు) దాటకూడదు. లంగరు వేసిన ప్రతిసారీ గడ్డి వేళ్లతో లేచిపోతుంది, కాబట్టి పడవలు కట్టుకోవడానికి నీటిపై తేలే శాశ్వత బోయాలు వేయించండి.

గడ్డి నాటే కార్యక్రమాలకు తొందరపడవద్దు. వెదురు చట్రాలకు కొబ్బరి తాళ్లు కట్టి గడ్డి నాటే పద్ధతి పాక్ అఖాతంలో వాడుతున్నారు, మంచిదే. కానీ రోడ్డు తవ్వకం మట్టి కొట్టుకొచ్చి గడ్డి చచ్చిన చోట మళ్లీ నాటితే, ఆ మట్టి కిందే అదీ చస్తుంది. నీరు తేటపడితే హాలోఫిలా విత్తనం నుంచి తనంతట తాను నెలల్లో లేస్తుంది.

చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన దాన్ని వెంటనే పాతిపెట్టకుండా, పోటుకు కొట్టుకుపోకుండా చెట్టుకు కట్టి ఉంచాలి. ఆ ఎండకు ఒక్క రోజులోనే కుళ్లిపోతుంది కాబట్టి పశువైద్యుడు అదే రోజు చేరాలి. వల గాట్లు, ప్రొపెల్లర్ దెబ్బలు, ఊపిరితిత్తుల్లో నురగ, కడుపులోని గడ్డి, ఇవన్నీ నమోదు కావాలి. చర్మం ముక్క ఒకటి ఆల్కహాల్‌లో భద్రపరచాలి.

నికోబార్ గిరిజనుల వేట హక్కులను చట్టంలోని 65వ సెక్షన్ కాపాడుతోంది. ఈ నియమాల పేరుతో వారి మీదికి పోకూడదు. వారితో మాట్లాడాల్సింది వారి గ్రామ పెద్దలైన కెప్టెన్ల ద్వారానే.

ఉత్తర్వు, చిక్కినప్పుడు చేయాల్సిన పనుల పత్రం హిందీ, ఇంగ్లిషుతో పాటు తెలుగు, బెంగాలీ, కరెన్, నికోబారీ భాషల్లో, బొమ్మలతో, తడిసినా చిరగని కాగితం మీద రావాలి. ఇరవై నాలుగు గంటలూ ఎత్తే ఒకే ఫోను నంబరు దాని మీద ఉండాలి. ఏప్రిల్ 15న మొదలయ్యే వేట నిషేధ కాలంలో చాలామంది రేవుల్లోనే ఉండి వలలు బాగుచేసుకుంటారు. శిక్షణకు ఆ రెండు నెలలే అనువు. అందుకని కేసుల భయం తీర్చే ఉత్తర్వును మార్చి నెలాఖరులోగా ఇవ్వాలని, పరిహార నిధిని వచ్చే బడ్జెట్‌లో చేర్చాలని కోరుతున్నాం.

ఇట్లు,
దీవుల్లోనూ ఉత్తరాంధ్ర తీరంలోనూ చేపల వేటతో, సముద్రపు గడ్డి పరిశీలనతో సంబంధమున్న కొందరు