మన బడి వార్తాలేఖ, మార్చి 2026: గొర్ల మంద సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

అందరూ మాట్లాడుకుంటున్నదే ముందు మాట్లాడేద్దాం. అవును, పోయిన శుక్ర, శనివారాల్లో రెండు రాత్రులు మన బడి వెనక చెలకలో గొర్ల మంద పడుకుంది. అవును, రమ్మన్నది నేనే. అవును, సోమవారం పొద్దున గేటు దాకా వాసన వచ్చింది. ఆ రోజు సాయంత్రానికి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో 140 మెసేజీలు వచ్చాయని మా ఆఫీసు మేడమ్ లెక్కపెట్టి చెప్పారు. భుజాల మీద గొర్రెపిల్లను మోస్తున్న ఏడో తరగతి అబ్బాయి ఫోటో పెట్టి, కింద "మేం ఫీజు కట్టేది గొర్లు కాయడానికా?" అని ఒకరు రాశారు. దానికి 31 బొటనవేళ్లు లేచాయట. ఆ ఫోటోలో మీ అబ్బాయి ముఖం ఎలా వెలిగిపోతోందో మీరు చూశారో లేదో నాకు తెలియదు. నేను చూశాను. ప్రింటు తీయించి నా గదిలో పెట్టుకున్నాను.

ముందుగా మా తప్పు ఒప్పుకుంటాను. ఇంత పెద్ద విషయానికి విడిగా ఉత్తరం పంపాల్సింది, పంపలేదు. అయితే వారం ముందే డైరీలో రాయించాం. ఏడో తరగతి 38 మందిలో 9 డైరీల్లోనే సంతకం కనిపించింది. మిగతా ఇళ్లకు ఫోన్ చేసి అడిగితే "సరే మేడమ్, సరే" అన్నారు. ఆ "సరే" దేనికి చెప్పామో సోమవారం దాకా కొందరికి తెలియలేదన్నమాట.

ఎందుకు రమ్మన్నానో చెబుతాను. చెలకలో మంద పెట్టించడం మీ ఇళ్లలో అమ్మమ్మలకో తాతయ్యలకో తప్పక తెలిసే ఉంటుంది, అడగండి. పంట కోసేశాక, వానలకు ముందు నేల ఖాళీగా ఉన్న రోజుల్లో గొర్లకాపరిని పిలిచి రాత్రిళ్లు మందను అక్కడే నిలపమంటారు. పెంట, మూత్రం రెండూ అక్కడే నేలలోకి దిగుతాయి, గిట్టలే తొక్కి కలిపేస్తాయి. బండి కట్టి ఎరువు తోలే పని లేదు. రైతు రాత్రికి ఇంత అని డబ్బో, వడ్లో ఇస్తాడు. మనం డబ్బే ఇచ్చాం, రసీదు ఆఫీసులో ఉంది, దాని మీద కూడా ఎవరో అడిగారు. నాలుగేళ్లుగా ఆ ఎకరంలో మన పిల్లలు వేసే జొన్న, కంది, బెండ మోకాలెత్తు దాటడం లేదు. సంచుల్లో ఎరువు కొని చల్లి చూశాం. ఈసారి మంద కాపరి గొర్ల తాతను అడిగాం. (పిల్లలు పెట్టిన పేరే నేనూ వాడుతున్నాను.)

శనివారం ఆరున్నరకల్లా ఏడో తరగతి మందతోపాటే నడిచి హిమాయత్ సాగర్ శిఖం దాకా వెళ్లింది, మూడు కిలోమీటర్లు. నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేలను శిఖం అంటారని ఆ రోజు దాకా మా సోషల్ టీచర్‌కి కూడా సరిగ్గా తెలియదని ఆవిడే చెప్పారు. పిల్లల వెనకాలే మూడు కిలోమీటర్లూ ఏసీ వేసుకుని మెల్లగా కారు నడిపించిన నాన్నగారికి ఒక మాట: మీ ప్రేమ అర్థమైంది. మీ అబ్బాయి రెండో కిలోమీటరు దగ్గరే కారు వైపు చూడటం మానేశాడు. ఔటర్ రింగు రోడ్డు కింద నుంచి మంద వెళ్తున్నప్పుడు మీరు కొట్టిన హారన్‌కి 12 గొర్లు చెదిరిపోయాయి, వాటిని పోగుచేయడానికి అరగంట పట్టింది. దయచేసి మళ్లీ వద్దు.

దెబ్బల లెక్క కూడా చెబుతాను, గ్రూపులో అది బాగా పెరిగిపోయింది కాబట్టి. ఒకరికి తుమ్మముల్లు గుచ్చుకుంది, తీశాం. ఒక పొట్టేలు మన పీటీ సార్‌ని వెనక నుంచి కుమ్మింది, ఆయన బాగానే ఉన్నారు, పొట్టేలూ బాగానే ఉంది. మందకు టీకాలు వేయించినట్టు ముందే కనుక్కున్నాం. పిల్లలందరూ సబ్బుతో చేతులు కడుక్కునే తిన్నారు. అంతే.

ఇక ఆ దారిలో వాళ్లు చూసినవి. మోదుగ పూలు ఇంకా రాలుతూనే ఉన్నాయి, హోళీకి రంగు కాచింది వీటితోనే అని పిల్లలు గుర్తుపట్టారు. నల్లతుమ్మ కాయలు రాలిన చోటల్లా గొర్లు ఆగిపోతాయి, అక్కడ ఎంత అదిలించినా కదలవు. మంద లేపిన పురుగుల కోసం కొంగలు వెంట నడుస్తాయి. ఒక నల్లపిట్ట ఏకంగా గొర్రె వీపెక్కి కూర్చుంది. దాన్ని పసులపోలిగాడు అంటారని తాత చెప్పగానే పిల్లలు ఆ పేరు పట్టుకుని ఇప్పటికీ వదలడం లేదు, అందులో ఇద్దరు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటున్నారు. అసలు సంగతి తీతువుది. కంకర నేల మీద, గూడూ గీడూ లేకుండా నాలుగు గుడ్లు. రాళ్లలో రాళ్లలా ఉన్నాయి. మా టీచర్లు ముగ్గురు దాటి వెళ్లిపోయారు. కనిపెట్టింది రెండో బెంచీ అమ్మాయి. అరవలేదు, ఫోటో తీయలేదు, చేతులు చాచి వెనక వాళ్లను ఆపింది. మంద మొత్తం పక్కకు మళ్లింది. పోయినసారి పేర్లు వేస్తే "మా వాడి పేరెందుకు లేదు" అని 11 ఫోన్లు వచ్చాయి కాబట్టి ఈసారి ఎవరి పేరూ వేయడం లేదు. లేకపోతే ఆ అమ్మాయి పేరు ఈ ఉత్తరానికి శీర్షికగా పెట్టేదాన్ని.

ఇంకో అబ్బాయి ఉన్నాడు. తరగతిలో నోరు విప్పడు. ప్రోగ్రెస్ కార్డు మీద ప్రతి టర్మూ "చురుకుదనం పెరగాలి" అని రాస్తున్నాం. సాయంత్రం మేత నుంచి తల్లులు తిరిగొచ్చాక తాత పిల్లలకు ఒక పరీక్ష పెట్టాడు: దొడ్లో ఉన్న 12 గొర్రెపిల్లల్లో ఏది ఏ తల్లిదో చెప్పాలి. తెలివైన వాళ్లనుకున్న వాళ్లందరూ రంగు చూసి చెప్పి మూడో నాలుగో తప్ప కుదరక ఆగిపోయారు. ఈ అబ్బాయి కళ్లు మూసుకుని అరుపులు విన్నాడు. తొమ్మిది సరిగ్గా చెప్పాడు. తాత వాడి నెత్తిన చెయ్యి పెట్టాడు. ఆ ప్రోగ్రెస్ కార్డు రాసిన చేతుల్లో నాదీ ఒకటి.

ఇన్ని గొర్లను రోజూ ఎలా లెక్కపెడతావు తాతా అని ఒకరు అడిగితే "లెక్కెందుకు బిడ్డా, ఏది లేకుంటే దాని జాగ ఖాళీగ కనవడతది" అన్నాడు. రేపటి నుంచి హాజరు అలాగే తీసుకుంటామని మా టీచర్లు అంటున్నారు.

ఇప్పుడు ఫీజు ప్రశ్నకు వస్తాను. మన రంగారెడ్డి జిల్లా అంటే మీకు గుర్తొచ్చేది ఔటర్, ఎయిర్‌పోర్టు, గజం రేటు. నాకూ కొంతవరకు అంతే. కానీ మీలో సగం మంది రోజూ వెళ్లే ఆఫీసుల చుట్టూ ఉన్న ఊళ్ల పేర్లు ఒకసారి నోటితో పలికి చూడండి. గౌలిదొడ్డి: గౌలి అంటే పాడి పశువులు సాకేవాడు, దొడ్డి అంటే వాటిని తోలే చోటు. కంచ గచ్చిబౌలి, ఇమారత్ కంచ: కంచ అంటే దున్నకుండా పశువుల మేతకు వదిలిన నేల. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ టీవీలో అందరం చూశాం, ఆ పేరులోని మొదటి మాటకు అర్థం ఏమిటని మాత్రం ఎవరం అడగలేదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచేశాక మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు, 1920లో ఒకటి, 1927లో ఒకటి పూర్తయ్యాయి. నగరం కోసం కట్టిన ఆ జలాశయాల అంచునే మందలు వేసవి గడుపుకున్నాయి. 1996లో వచ్చిన 111 జీవో వాటి చుట్టూ 84 ఊళ్లలో పెద్ద కట్టడాలను ఆపింది, నీళ్ల కోసం తెచ్చిన జీవోతో మేతనేల కూడా కొంత మిగిలింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. ఆ తర్వాత ఏం మిగిలిందో కిటికీ తెరిస్తే కనిపిస్తుంది. మనదీ తక్కువ తప్పేం కాదు. మన బడి ప్రహరీ గోడ పాత మేతదారికి అడ్డంగా ఉంది. శుక్రవారం తాత దాన్ని కర్రతో చూపించాడు. కోపంగా చూపించి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. మామూలుగా, దారి చెబుతున్నట్టు చూపించాడు.

దేశంలో అన్నింటికంటే ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం మనది. 2019 పశుగణనలో 1.9 కోట్లు, మన తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఈ 2026ను ఐక్యరాజ్యసమితి పచ్చికబయళ్ల, పశుకాపరుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. అలాంటి రాష్ట్రంలో, అలాంటి ఏడాదిలో, మన ఇళ్లలో పిల్లవాడు లెక్క తప్పు చేస్తే వినిపించే మాట ఏది? "చదవకపోతే గొర్లు కాసుకుంటావు." ఆ మాట అనని ఇల్లు ఉంటే చెప్పండి, వచ్చి టీ తాగి వెళ్తాను. శనివారం తర్వాత మా పిల్లలు ఆ మాటకు నవ్వుతున్నారట, ఇంట్లో ఎదురు చెబుతున్నారట, దాని మీద కూడా ఇద్దరు ఫిర్యాదు చేశారు. ఏ గడ్డి ఏ నెలలో ఎక్కడ దొరుకుతుంది, ఏ ఆకు తింటే కడుపుబ్బుతుంది, ఏ గొర్రె ఈ రాత్రి ఈనుతుంది, వాన ఎటు నుంచి వస్తోంది, ఇవన్నీ తలలో పెట్టుకున్న మనిషిని చూశాక వాళ్లు నవ్వక ఏం చేస్తారు? గొర్లు కాయడం అంత సులువైతే 38 మంది, ముగ్గురు టీచర్లు, ఒక పీటీ సార్ కలిసి 12 గొర్లను అరగంటలోపు పోగుచేసి ఉండాలి కదా.

సోమవారం ఒక అమ్మాయి ఇంటి నుంచి గొంగడి తెచ్చింది. నల్లది, బరువైనది. వాళ్ల నానమ్మ వడికిన నూలట. దక్కనీ గొర్రె ఉన్ని గరుకుగా ఉంటుందని, గుంటమగ్గం మీద నేశాక చింతగింజల గంజి పట్టిస్తారని, వానలో కొప్పెర (తల మీంచి ముసుగులా మడిచి) పెట్టుకుంటే లోపలికి చుక్క దిగదని తరగతి మధ్యలో నిలబడి చెప్పింది, కొప్పెర పెట్టి చూపించింది. తాత మందలో దక్కనీ నల్లవి చెయ్యి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి, మిగతావన్నీ పొడుగు కాళ్ల నెల్లూరు రకం, వాటికి ఉన్నే ఉండదు. మాంసానికి ధర ఉంది, ఉన్నికి లేదు, కత్తిరించే కూలి కూడా గిట్టదన్నాడు. ఆ అమ్మాయి మూడేళ్లుగా మన బడిలో ఉంది. ఇంట్లో గొంగడి ఉందని ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు.

మిగతా విషయాలు గబగబా: ఒంటిపూట బడి మొదలైంది, బస్సులు పన్నెండున్నరకే బయల్దేరతాయి, పిల్లలకు తలకు టోపీ పెట్టి పంపండి. వార్షిక పరీక్షల టైంటేబుల్ డైరీలో ఉంది (డైరీ!). మూడో విడత ఫీజు కట్టని వాళ్లు ఆఫీసులో కలవండి. చేవెళ్ల వైపు బస్సు రోడ్డు పనుల వల్ల పావుగంట అటూఇటూ అవుతుంది, డ్రైవర్‌ని కోప్పడకండి. లైబ్రరీ పుస్తకాలు 64 రావాలి.

ఇంకొక్క మాట. ఆదివారం పొద్దున ఒక గొర్రెపిల్ల నోట్లోంచి తాత చిప్స్ ప్యాకెట్ లాగాడు. ఎక్కడిదో కాదు, మన గ్రౌండ్‌లోదే. ప్లాస్టిక్ కడుపులో చేరితే అది అరగదు, బయటికీ రాదు, గొర్రె మేత మానేసి చచ్చిపోతుంది. టిఫిన్ డబ్బాలో చపాతీ ఉందో లేదో గానీ, పక్కన మెరిసే ప్యాకెట్ మాత్రం ప్రతి బ్యాగులోనూ ఉంటోంది. పొద్దున తీరిక ఉండదని నాకు తెలుసు, నాకూ ఇద్దరు పిల్లలు. అటుకులు పొట్లం కట్టి ఇవ్వండి, పల్లీలు ఇవ్వండి, అరటిపండు ఇవ్వండి. వచ్చే సోమవారం నుంచి ప్యాకెట్లు గేటు దగ్గరే తీసుకుంటాం, సాయంత్రం మీ చేతికే ఇస్తాం. అలాగే, పిల్లలు బురద అంటిన చెప్పులతో వచ్చినప్పుడు "ఛీ" అనేముందు ఒక్క క్షణం ఆగి, ఎక్కడికి వెళ్లావు అని అడగండి. ఎనిమిదో తరగతి పిల్లల్లో కొందరికి మట్టి మీద కూర్చోవాలంటే కింద నోట్‌బుక్ పరచుకోవాల్సి వస్తోంది.

ఎనిమిదో తరగతి నడక వచ్చే నెల మొదటి శనివారం చిలుకూరు పక్క మృగవని జాతీయ పార్కు వైపు. అక్కడ చుక్కల దుప్పులు, నెమళ్లు కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు, అవి మన టైంటేబుల్ చూడవు. పాత బూట్లు, నీళ్ల సీసా, టోపీ. ఫోన్ వద్దు. వెనకాల కారు వద్దు.

చివరిగా, గ్రూపులో "గబ్బు" అని రాసిన వాళ్లలో ముగ్గురు విడిగా ఫోన్ చేసి తమ మిద్దెతోటకు కొంచెం ఎరువు దొరుకుతుందా అని అడిగారు. దొరుకుతుంది, ఇంటికి ఒక బస్తా. సంచి, పార మీరే తెచ్చుకోవాలి. ఎత్తుకోవడం కూడా మీరే.

మీ
ప్రధానోపాధ్యాయురాలు