మహిళా ఆరోగ్య విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి ముగ్గులు, వేసవి చలివేంద్రం, పిల్లలకు నోటుపుస్తకాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. ఈ ఏడాది మా శ్రమంతా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల మీదే పోయింది కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

ముప్పై దాటిన ఆడవాళ్లందరికీ పరీక్ష చేయించాలనుకున్నాం. మరి ఏ పరీక్ష? అన్నిటికంటే చవకైంది వీఐఏ. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్‌నే పలచగా ముఖద్వారానికి అద్ది, నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. శిక్షణ ఉన్న నర్సు చాలు, ఫలితం అక్కడికక్కడే. "తెల్లగా వస్తే క్యాన్సరేనా అమ్మా?" అని శిబిరంలో ఒక పెద్దమ్మ భయంగా అడిగింది. కాదని, మామూలు వాపుకూ తెల్లబడొచ్చని, క్యాన్సర్‌గా మారకముందే పట్టుకోవడానికే ఈ చూపని నర్సమ్మ చెప్పాక, గుమ్మం దగ్గర తటపటాయిస్తున్నవాళ్లు కూడా లోపలికొచ్చారు.

ముంబై బస్తీల్లో ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేస్తే ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2014లో తేలింది. అయితే చూసేవారి అనుభవాన్ని బట్టి ఫలితం మారుతుంది. ముట్లుడిగినవారిలో చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది, సరిగా కనపడదు.

ముఖద్వారం నుంచి కణాలు తీసి మైక్రోస్కోపు కింద చూసే పాప్ స్మియర్‌కు ల్యాబు కావాలి, రిపోర్టు కోసం మళ్లీ పోవాలి. కూలి వదులుకుని పెద్దాసుపత్రికి రెండోసారి ఎవరు పోతారు? మన పేటకు అది కుదరదని నా అభిప్రాయం.

ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ పరీక్ష ఖరీదెక్కువే, కానీ గట్టిది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో ఒక్కసారి చేసిన ఈ పరీక్షతోనే మరణాలు దాదాపు సగమయ్యాయని 2009లో ప్రచురించారు. అక్కడే వీఐఏకు, పాప్ స్మియర్‌కు అంత ఫలితం రాలేదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ముందు దీన్నే చేయమంది. నమూనా ఎవరికి వారే తీసుకోవచ్చు. సిగ్గుపడి ఆగిపోయిన మన అక్కాచెల్లెళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

తెల్లబడిందని తేలినవారి వెంట సంఘం తరఫున ఒకరు కర్నూలు పెద్దాసుపత్రికి తోడు వెళ్లారు. కొందరు ఇంకా కదల్లేదు. వాళ్ల ఇళ్లకు ఈ నెలలోనే మళ్లీ పోతున్నాం. చికిత్సదాకా తీసుకుపోకపోతే ఏ పరీక్ష చేసినా దండగే.

వచ్చే ఏడాది యాభై దాటినవారి హెచ్‌పీవీ పరీక్షకు, తోడు వెళ్లేవారి ఆటో ఖర్చులకు, పోయిన కూలికి విడిగా నిధి కేటాయించాలని సర్వసభ్య సమావేశాన్ని కోరుతున్నాను.