జైల్లో మత్తు దిగడమంటే చికిత్స జరిగినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

జైల్లో పడేస్తే తాగుడైనా మత్తుమందైనా దానంతట అదే మానుతుందని, అలాంటి వాళ్లకి మళ్లీ వేరే చికిత్స, దానికో ఖర్చు దేనికని ఒక పాఠకుడు రాసిన ఉత్తరం మీ పేజీలో చదివాను. ఆయన మీద కోపం లేదు. మా ఇంట్లో కూడా అందరం అచ్చం ఇలాగే అనుకున్నాం. మా తమ్ముణ్ణి రిమాండ్‌కి పంపిన రోజు మా అమ్మ ఒకపక్క ఏడుస్తూనే, పోనీలే, ఈ నాలుగు రోజులైనా తాగుడు జోలికి పోడు అంది.

మూడో రోజుకి వాడు ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు.

లోపల ఏం జరిగిందో తర్వాత వాడి పక్కన పడుకున్న మనిషి చెబితే తెలిసింది. మొదటి రోజు సాయంత్రానికే ఒళ్లంతా చెమటలు. రెండో రోజు రెండు చేతులతో గ్లాసు పట్టుకున్నా నీళ్లు చొక్కా మీదే ఒలికిపోయాయట. ఆ రాత్రంతా కూర్చుని దుప్పటి మీద చీమలు ఏరుతున్నాడు, ఒక్కొక్కటీ రెండు వేళ్లతో పట్టుకుని జాగ్రత్తగా పక్కన పెడుతున్నాడు, అక్కడ చూస్తే ఒక్క చీమ కూడా లేదు. డ్యూటీలో ఉన్నాయన నాటకాలాడుతున్నాడు అనుకున్నాడు. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాక గానీ నాటకం కాదని అర్థం కాలేదు. లోపలికి తీసుకునేటప్పుడు ఎత్తు, బరువు, పుట్టుమచ్చలు అన్నీ రాసుకున్నారు గానీ, రోజుకి ఎంత తాగుతావు, ఆఖరిసారి ఎప్పుడు తాగావు అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఏళ్ల తరబడి బాగా తాగినవాడికి ఒక్కసారిగా ఆగిపోతే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుందని, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చని, ఆ తర్వాత లేనివి కనపడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, పట్టించుకోకపోతే ప్రాణం కూడా పోవచ్చని ఆస్పత్రిలో డాక్టరు చెప్పారు. డయాజిపామ్ లాంటి మాత్రలు డోసు తగ్గించుకుంటూ కొద్ది రోజులు ఇవ్వాలి, బీ1 విటమిన్ ఇంజెక్షన్ వేయాలి. ఇవన్నీ దశాబ్దాలుగా ఉన్న మందులే. మన భాషలో రెండిటినీ మందు అనే అంటాం కదా, ఈ మందు మానాలంటే ఆ మందు కావాలి, అంతే సంగతి.

హెరాయిన్ లాంటి వాటికి అలవాటు పడ్డవాళ్ల కథ వేరు. అది ఆగినందుకే చచ్చిపోవడం తక్కువ, కానీ రోజుల తరబడి వాంతులు, విరేచనాలు అవుతుంటే ఎవరూ చూడకపోతే డీహైడ్రేషన్‌తో పోయినవాళ్లున్నారు. వీళ్లకి ఆ బాధనీ కోరికనీ అదుపులో పెట్టే మెథడోన్, బుప్రెనార్ఫిన్ అని రెండు మందులున్నాయి, 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. అయినా చాలా జైళ్లలో కొత్తగా మొదలుపెట్టడం మాట అటుంచి, బయట డాక్టరు రాసిస్తే వాడుతున్నవాడికి కూడా గేటు దాటగానే ఆపేస్తారు. అలా ఒకసారి ఆపించుకున్నవాడు బయటికొచ్చాక మళ్లీ ఆ క్లినిక్ మెట్లెక్కడం కష్టం. (గంజాయికి, మెథాంఫెటమిన్ అనే మత్తుమందుకి ఇలాంటి మాత్ర లేదు, అక్కడ కౌన్సెలింగే దిక్కు.)

మాత్రలిస్తే లోపల అమ్ముకుంటారు అంటారు. నిజమే, కొందరు అమ్ముకుంటారు, కాదనను. బుప్రెనార్ఫిన్ నాలుక కింద పెట్టుకుని అది కరిగే దాకా ఐదు పది నిమిషాలు కూర్చోవాలి, ఆ తర్వాత నర్సు టార్చి వేసి నోరంతా చూడాలి, అప్పుడు కూడా ఎవడో ఒకడు దాచేస్తాడు. అందుకే ఇప్పుడు వారానికో నెలకో ఒకసారి వేసే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. ఒకడు దాచాడని పదిమందికి ఆపేయడం మాత్రం నాకు అర్థం కాదు.

అసలు ప్రమాదమంతా బయటికొచ్చాకే. లోపల కొన్ని వారాలు ముట్టుకోకపోతే ఒంటికి ఆ డోసు తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, మనిషికి మాత్రం పాత డోసే గుర్తుంటుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి విడుదలైనవాళ్ల మీద 2007లో ఒక పరిశోధన వచ్చింది: మొదటి రెండు వారాల్లో డోసు ఎక్కువై చనిపోయే ప్రమాదం మిగతా జనంతో పోలిస్తే 129 రెట్లు. అదే దేశంలో రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రం 2016లో జైల్లోనే ఈ మందులివ్వడం మొదలుపెట్టింది. అక్కడ రిమాండ్‌లో ఉన్నవాళ్లూ శిక్ష పడ్డవాళ్లూ ఒకే వ్యవస్థ కింద ఉంటారు కాబట్టి రిమాండ్ వాళ్లకీ అందింది, పైగా బయట క్లినిక్‌లు నడిపే సంస్థే లోపల కూడా మందు ఇస్తుంది. డోసు ఎక్కువై చనిపోయినవాళ్లలో కొత్తగా జైలు నుంచి వచ్చినవాళ్లు 2016 మొదటి ఆరు నెలల్లో 26 మంది, 2017 మొదటి ఆరు నెలల్లో 9 మంది.

రిమాండ్ వాళ్ల సంగతి ప్రత్యేకంగా ఎందుకు అంటున్నానంటే, వీళ్లు ఎన్నాళ్లుంటారో వీళ్లకే తెలియదు. ఇవాళ వస్తారు, ఎల్లుండి సాయంత్రం బెయిలొస్తే పోతారు. వీళ్లకి పన్నెండు వారాల క్లాసులు, ఆఖర్న ఒక సర్టిఫికెట్ అంటే ఎవరి కోసం? వీళ్లకి కావాల్సింది మొదటి రాత్రే అడగాల్సిన ఆ రెండు ప్రశ్నలు అడిగే మనిషి, బయట వాడుతున్న మందు ఆగకపోవడం, వెళ్లేటప్పుడు నాలుగు రోజులకి సరిపడా మాత్రలు, ఫలానా రోజు ఫలానా క్లినిక్‌కి రమ్మని ఒక చీటీ. హెరాయిన్ అలవాటున్న వాడైతే డోసు ఎక్కువైతే విరుగుడుగా వాడే నాలక్సోన్ కూడా ఇంట్లోవాళ్ల చేతికివ్వాలి. ఇదేదో దయాధర్మం అనుకోవద్దు. ఖైదీల విషయంలో ఐక్యరాజ్యసమితి 2015లో ఒప్పుకున్న మండేలా నియమాల్లో, బయట జనానికి అందే వైద్యమే లోపలివాళ్లకీ అందాలని, మత్తు వ్యసనానికి చికిత్స మధ్యలో తెగిపోకూడదని పేరుపెట్టి మరీ రాసి ఉంది.

మావాడికి బెయిల్ రాత్రి పూట వచ్చింది. గేటు దగ్గర చెప్పులు, పర్సు, సెల్‌ఫోన్ లెక్కపెట్టి ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. ఆస్పత్రిలో రాసిచ్చిన మాత్రల చీటీ ఏదని అడిగితే ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. మర్నాడు పొద్దున్నే నేను ఆస్పత్రికి వెళ్లి, లైన్లో నిలబడి, మళ్లీ రాయించుకుని ఇంటికొచ్చేసరికి వాడు అప్పటికే తాగేసి ఉన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు