బిల్డ్ ఆర్డర్లు ఆపేస్తున్నాం, ఎందుకో చెబుతాను

అందరికీ నమస్కారం. విషయం ముందే చెప్పేస్తాను. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మన షాపులో ఎయిర్ పిస్టల్ బిల్డ్ ఆర్డర్లు తీసుకోము. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెప్పాలంటే, మామూలు ఎయిర్ పిస్టల్ ఒకటి తెచ్చి ఇస్తే దానికి చెక్క గ్రిప్ చెక్కి, వెనక సైట్ (గురి చూసే గాడి) మార్చి, ట్రిగ్గర్ మెత్తబరిచి, ముందు బరువులు తగిలించి 10 మీటర్ల మ్యాచ్‌కి పనికొచ్చేలా చేసే పనినే మనం ఇక్కడ బిల్డ్ అంటున్నాం. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళు కంగారు పడక్కర్లేదు, మీ పని పూర్తి చేసే ఇస్తాం. ఇది చదివాక వద్దనిపిస్తే మాత్రం, చెక్క కొయ్యకముందే చెప్పండి, అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇచ్చేస్తాను. గ్రిప్ ఫిట్టింగ్, ట్రిగ్గర్ సెట్టింగ్, ఓ-రింగుల (గాలి పోకుండా ఆపే రబ్బరు ఉంగరాల) మార్పిడి, సర్వీస్ ఎప్పటిలాగే ఉంటాయి.

లాభం లేక ఆపుతున్నానని అనుకోకండి. మొహమాటం లేకుండా చెప్పాలంటే ఈ షాపులో లేబర్ ఎక్కువ మిగిలేది బిల్డ్‌ల మీదే, విశాఖ సీతమ్మధారలో అద్దె కట్టగలుగుతున్నానంటే సగం వాటి వల్లే. కానీ బిల్లు మీ వైపు నుంచి చూడండి. పిస్టల్ 25,000, గ్రిప్ 14,000, మైక్రోమీటర్ సైట్ 9,000, ట్రిగ్గర్ పని 6,000, బరువులూ లేత్ పనీ సీళ్ళూ కలిపి 5,000. మొత్తం 59,000. ఇదంతా ఒకేసారి ఇస్తే ఎవరికైనా గుండె గుభేల్‌మంటుంది. మన దగ్గర మాత్రం ఈ నెల గ్రిప్, పండగ బోనస్ వచ్చాక సైట్, ఆ తర్వాత ట్రిగ్గర్ అని విడతలుగా ఇస్తారు కాబట్టి ఎంతయిందో ఎవరూ కూడి చూసుకోరు. తడిసి మోపెడైన తర్వాత కూడా చేతిలో ఉండేది స్ప్రింగ్ బలంతో కాల్చే మామూలు పిస్టలే. చారాణా కోడికి బారాణా మసాలా. పైగా అమ్మబోతే మీ చేతి కొలతకి చెక్కిన గ్రిప్ ఇంకొకరికి పనికిరాదు, కొనేవాడు పాత పిస్టల్ రేటే కడతాడు, అదీ బేరమాడి.

అదే డబ్బుకి ఇంకో పాతిక, ముప్ఫై వేలు కలిపితే బాగా చూసుకున్న సెకండ్‌హ్యాండ్ మ్యాచ్ పిస్టల్, అంటే పోటీల కోసమే గాలి సిలిండర్‌తో తయారైనది, దొరుకుతుంది. స్టేయర్ ఎల్‌పీ10, వాల్తర్ ఎల్‌పీ400, మోరిని 162, పార్దిని కే12 లాంటివి. కొత్తవైతే లక్షన్నర దాటే మాట, అందరివల్లా కాదు. సెకండ్‌హ్యాండ్‌వి రెండు మూడేళ్ళు వాడి మళ్ళీ అమ్మినా పెద్దగా నష్టం రాదు, ఎందుకంటే రాష్ట్ర స్థాయికి వెళ్ళే పిల్లలు ఎప్పుడూ వాటి కోసం వెతుకుతూనే ఉంటారు.

ఈ బిల్డ్ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అమెరికా వీడియోలు. అక్కడ ప్రాక్టికల్ షూటింగ్ (కదులుతూ టార్గెట్లు కాల్చే పోటీ) ఆడేవాళ్ళు 2011 అనే మోడల్ తుపాకీకి ఫ్రేమ్ ఒకచోట, స్లైడ్ ఒకచోట, బ్యారెల్ ఇంకోచోట కొని ఇంట్లో వైస్‌కి బిగించి ఆకురాయితో రాస్తూ కూర్చుంటారు. అక్కడ చట్టం లెక్కలో తుపాకీ అంటే సీరియల్ నంబర్ ఉన్న ఫ్రేమ్ ఒక్కటే, మిగతా పార్టులు చాలావరకు మామూలు సామానులాగే ఇంటికి వచ్చేస్తాయి. అయినా కూడా పార్టులన్నీ కూడి, చెడగొట్టినవి మళ్ళీ కొని, చివరికి ఫిట్టింగ్ కోసం గన్‌స్మిత్‌కి ఇచ్చేసరికి రెడీమేడ్ రేటు దగ్గరకే వస్తుందని వాళ్ళే చెబుతారు. మన దగ్గర ఆ ప్రశ్నే లేదు. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం ఫైర్ఆర్మ్ (మందుగుండుతో పేలే తుపాకీ) తయారు చేయాలన్నా, మార్చాలన్నా, రిపేర్ చేయాలన్నా లైసెన్స్ ఉండాలి, నాకు లేదు. కాబట్టి .22, 9 ఎంఎం లాంటి అసలు తుపాకుల గురించి దయచేసి ఫోన్ చేయకండి. మనం చూసేది 20 జౌళ్ళ (శక్తిని కొలిచే లెక్క) లోపు శక్తి, .177 అంగుళాల బోర్ (గొట్టం లోపలి వెడల్పు) ఉన్న ఎయిర్ పిస్టళ్ళు మాత్రమే, వాటికి లైసెన్స్ అక్కర్లేదు. మ్యాచ్ పిస్టల్ ఎలాగూ 6 జౌళ్ళ దరిదాపుల్లోనే ఉంటుంది. "కొంచెం స్పీడ్ పెంచండి అన్నా" అనేవాళ్ళకి కూడా ఇదే సమాధానం, బ్యారెల్, వాల్వ్ నేను ముట్టుకోను.

ఇప్పుడు అసలు సంగతి. స్ప్రింగ్ పిస్టల్‌లో పెల్లెట్ (చిన్న సీసపు గుండు) బ్యారెల్ దాటకముందే లోపల పిస్టన్ ముందుకి కొట్టుకుంటుంది, చెయ్యి కదులుతుంది. ఎంత మంచి గ్రిప్ వేసినా ఆ కుదుపు పోదు. మ్యాచ్ పిస్టల్‌లో సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో గాలి, దాన్ని ప్రతి షాట్‌కీ ఒకే ఒత్తిడికి దించే రెగ్యులేటర్, అందుకే మొదటి షాట్‌కీ అరవయ్యో షాట్‌కీ తేడా ఉండదు. 10 మీటర్ల టార్గెట్‌లో పదో రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. మంచి పిస్టల్‌ని వైస్‌కి బిగించి కాలిస్తే అన్ని పెల్లెట్లూ దానిలోపలే పడతాయి. అంటే తప్పు మీ చేతిదా, పిస్టల్‌దా అన్న అనుమానం మిగలదు. పిల్లలకి కావలసింది అదే. షాట్ తొమ్మిదికి పోయినప్పుడు వంక పెట్టడానికి పిస్టల్ ఉంటే వాళ్ళు నేర్చుకోరు, నేర్చుకోలేరు కూడా, ఎందుకంటే ఒక్కోసారి నిజంగానే పిస్టల్‌దే తప్పు.

ఒక్క మినహాయింపు ఒప్పుకుంటాను. రష్యా వాళ్ళ ఐజెడ్‌హెచ్-46ఎం ఎయిర్ పిస్టల్. బ్యారెల్ కింద ఉన్న లీవర్‌ని ఒక్కసారి లాగితే గాలి నిండిపోతుంది, సిలిండర్ గొడవ లేదు, కుదుపు లేదు, బ్యారెల్ చాలా బాగుంటుంది. దానికి గ్రిప్ చేయించుకుంటే డబ్బు దండగ కాదు. కాకపోతే 75 నిమిషాల మ్యాచ్‌లో 60 సార్లు, పైగా ముందు గురి సరిచూసుకునే సైటింగ్ షాట్లకి కూడా ఆ లీవర్ లాగాలి. పద్నాలుగేళ్ళ పాప భుజం ఏమవుతుందో మీరే ఆలోచించండి. పెద్దవాళ్ళు సరదాగా ఆడుకోవడానికైతే ఇప్పటికీ అదే చెబుతాను.

ఇంకో తలనొప్పి మ్యాచ్ రూల్స్‌ది. ట్రిగ్గర్ పేలకుండా కనీసం 500 గ్రాముల బరువు ఎత్తాలి, పిస్టల్ మొత్తం 1,500 గ్రాములు మించకూడదు, 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. అందరూ బరువు గురించి టెన్షన్ పడతారు గానీ ఇంట్లో చేసిన గ్రిప్‌లు ఎక్కువగా తన్నేది ఆ 50 దగ్గర. అరచేతి కింద ఆనే పలకని హాయిగా ఉందని వెడల్పు చేసుకుంటూ పోతారు, ఎక్విప్‌మెంట్ చెక్‌లో పిస్టల్ పెట్టెలో పట్టదు. మ్యాచ్ పొద్దున అక్కడ సాండ్‌పేపర్ పట్టుకుని నేల మీద కూర్చున్న నాన్నలని చూశాను, పాపం. ట్రిగ్గర్‌ని కూడా సరిగ్గా 500కి పెట్టమని అడగకండి, నేను 510, 520 మధ్య పెడతాను, చల్లటి ఏసీ హాల్లో అది కాస్త అటూ ఇటూ అవుతుంది.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది పిస్టల్ కాదు, సిలిండర్ మీద చెక్కిన తేదీ. సిలిండర్లకి తయారైనప్పటి నుంచి పదేళ్ళు గడువు, అది దాటలేదని చూసుకునే బాధ్యత షూటర్‌దే. అమ్మేవాడు "పిస్టల్ కొత్తదానిలా ఉందండీ" అంటాడు, నిజమే ఉంటుంది, సిలిండర్‌కి మాత్రం ఆరు నెలలే మిగిలి ఉంటుంది, కొత్తది కొనాలంటే మళ్ళీ ఖర్చు. ఆ తర్వాత సిలిండర్ నింపి రాత్రంతా వదిలేసి పొద్దున గేజ్ చూడండి, ముల్లు దిగితే సీల్ పోయినట్టు. సీల్ పోతే భయపడక్కర్లేదు, బేరమాడటానికి పనికొస్తుంది, అంతే. స్క్రూ తలలు అరిగిపోయి ఉంటే మాత్రం ఎవరో చేతకానివాడు విప్పాడని అర్థం, అలాంటిది వదిలేయండి.

మన ఊళ్ళో ఉప్పు గాలి సంగతి వేరే చెప్పాలా. బీచ్ రోడ్డు వైపు, పెదవాల్తేరు వైపు ఇళ్ళున్నవాళ్ళ పిస్టళ్ళ మీద సైట్ స్క్రూల దగ్గర ఎర్రగా చిన్న చిన్న చుక్కలు వస్తున్నాయి. ఫోమ్ కేసులో పెట్టి నెలల తరబడి మూసేస్తే ఇంకా ఘోరం, ఫోమ్ తేమని పట్టి ఉంచుతుంది. కేసులో సిలికా జెల్ పొట్లాలు వేయండి, చేతి చెమట తుడిచి లోపల పెట్టండి. గాలి కూడా అంతే. చేతి పంపుతో నింపితే ఇక్కడి గాలిలో ఉన్న తేమంతా సిలిండర్‌లోకి పోతుంది, డ్రై ఫిల్టర్ లేకుండా కొట్టకండి. స్కూబా ట్యాంకులు నింపే కంప్రెసర్ గాలి పొడిగా, శుభ్రంగా ఉంటుంది, రుషికొండ వైపు ఉండేవాళ్ళకి అది సులువు. ఎవరైనా ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపుతామంటే మాత్రం పిస్టల్ లాక్కుని వచ్చేయండి. గ్రీజుకి ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ తగిలితే పేలుతుంది.

మరి కస్టమ్ పని దండగేనా అంటే, కాదు, గ్రిప్ ఒక్కటి మాత్రం కాదు. ఎంత ఖరీదైన పిస్టల్ కొన్నా గ్రిప్ మీ చేతికి తయారైంది కాదు, స్మాల్, మీడియం, లార్జ్ అని వస్తుంది. మనం చేసే పద్ధతి ఇదీ: గ్రిప్ మీద కాటుక పలచగా రాస్తాం, మీరు కళ్ళు మూసుకుని పిస్టల్ ఎత్తి పట్టుకుంటారు, కళ్ళు తెరిచేసరికి ముందు సైట్ వెనక సైట్ గాడి మధ్యలో ఉండాలి. ఉండదు. సాధారణంగా ఎడమకి పోయి ఉంటుంది. అప్పుడు అరచెయ్యి చూస్తే బొటనవేలు మొదట్లో నల్లగా, చిటికెన వేలి కింద తెల్లగా ఉంటుంది. నల్లగా అంటిన చోట ఆకురాయితో రెండు రాపిళ్ళు, తెల్లగా మిగిలిన చోట కొంచెం ఎపాక్సీ పుట్టీ. మళ్ళీ కాటుక, మళ్ళీ ఎత్తడం. ఓపిక కావాలి. సైట్ తనంతట తాను మధ్యలోకి వచ్చి నిలబడేదాకా అదే పని. దీనికి నేను తీసుకునేది 3,500, వచ్చే నెల నుంచి 4,000 చేస్తున్నాను, బిల్డ్‌లు పోయాక ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి కదా. ఆరు నెలల్లోపు ఎన్నిసార్లు సరిచేయించుకున్నా ఇంకేమీ ఇవ్వక్కర్లేదు.

కొందరు ఏటికొప్పాక బొమ్మల్లా లక్క రంగులతో గ్రిప్ కావాలంటున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ అంకుడు కర్ర మెత్తన, స్క్రూ బిగిస్తే మర పట్టి నిలవదు. పైగా నున్నటి లక్క మీద చెమట చెయ్యి జారుతుంది. గ్రిప్ గరుకుగా ఉండాలి. షోకేసులో పెట్టుకోవడానికైతే చేసిస్తాను.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ మంచిదా, మెకానికలా అని చాలామంది అడుగుతున్నారు. ఎలక్ట్రానిక్ నొక్కితే చాలా సాఫీగా ఉంటుంది, కాదనను. కానీ టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 జులైలో, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మన దేశపు షూటర్ మను భాకర్ పిస్టల్ మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చి మిగిలిన షాట్లు హడావిడిగా కాల్చి 575తో 12వ స్థానంలో ఆగిపోయింది. మూడేళ్ళ తర్వాత పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చుకుంది, సరబ్‌జోత్ సింగ్‌తో మిక్స్‌డ్ టీమ్‌లో ఇంకోటి. ఆమెకి వెనక కోచ్, టీమ్, వేరే పిస్టల్ ఉన్నాయి. మనకి ఒక్కటే పిస్టల్, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోతే విదేశాల నుంచి రావాలి. బడ్జెట్‌లో కొనేవాళ్ళు మెకానికల్ తీసుకోండి, దాన్ని ఇక్కడే విప్పి సరిచేయగలను.

ఇంక పిల్లల అమ్మానాన్నలకి. పిస్టల్ షూటర్ ఈషా సింగ్ మన పక్కన హైదరాబాద్ అమ్మాయి కదా, మా పాపకి కూడా వెంటనే పిస్టల్ కావాలని వస్తున్నారు. మొన్న గాజువాక నుంచి ఒకాయన వచ్చి "అంతా కలిపి ఎంతవుద్దండి, లోన్ పెట్టేస్తాను" అన్నారు. అబ్బాయికి పన్నెండేళ్ళు, రేంజ్‌కి రావడం మొదలుపెట్టి నెల కూడా కాలేదు. వద్దన్నాను. ఆ వయసులో చెయ్యి పెరుగుతుంది, చెక్కిన గ్రిప్ ఏడాదికే బిగుతవుతుంది. ముందు రేంజ్ పిస్టల్‌తో ఆడనివ్వండి, అక్కడే ఖాళీ పిస్టల్ ఎత్తి గోడకేసి పట్టుకునే అలవాటు వస్తుందో లేదో చూడండి. వచ్చాక కొందురు గానీ. మన మూడు లేన్లలో రెండు రేంజ్ పిస్టళ్ళు ఉన్నాయి, గంటకి 150, పెల్లెట్లు విడిగా. ఆ మిగిలిన డబ్బుని మంచి పెల్లెట్లకి పెట్టండి, 4.49, 4.50 మిల్లీమీటర్లు రెండు సైజులూ ఒక్కో డబ్బా తెచ్చి ఏది దగ్గరగా పడుతుందో చూస్తే కొన్ని పాయింట్లు అక్కడే కలిసొస్తాయి.

సెకండ్‌హ్యాండ్ పిస్టల్ చూసి కొనడానికి నన్ను తోడు రమ్మంటే వస్తాను, ఊళ్ళో అయితే 500, బయట ఊరైతే దారి ఖర్చులు. అమ్మేవాళ్ళ దగ్గర నేను కమీషన్ తీసుకోను, ఎవరైనా తీసుకున్నానని చెబితే నాకు ఫోన్ చేసి అడగండి. గ్రిప్ ఫిట్టింగ్‌కి శని, ఆదివారాలు మాత్రమే, ముందు ఫోన్ చేసి టైమ్ తీసుకోండి. పిస్టల్‌ని కేసులోనే, సిలిండర్ విప్పి తీసుకురండి. పిల్లని కాలేజీకి పంపించేసి పిస్టల్ ఒక్కటే పట్టుకొస్తున్నారు కొందరు, అలా కుదరదు, ఎవరి చేతికి చేయాలో ఆ చెయ్యి షాపులో ఉండాలి. మంగళవారం సెలవు.