చీర ఫాల్ కుట్టే అక్కకు

ఈ రోజు మధ్యాహ్నం మూడో ఇంజెక్షన్ అయిపోయింది. ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఇది రాస్తున్నాను. మూడు వారాలుగా కంటినిండా నిద్ర లేదు. అయినా ఇప్పుడు పడుకుంటే రేపు ఇంటి పనుల్లో పడి ఈ నాలుగు మాటలు ఎప్పటికీ చెప్పలేకపోతానని భయం.

నా పేరు రాయడం లేదు, ఆసుపత్రిలో నన్ను ఆదుకున్న ఈ అక్క పేరూ రాయడం లేదు. ఆమె పేరు రాస్తే ఆసుపత్రి తెలుస్తుంది, ఆసుపత్రి తెలిస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే నేనెవరో మా వీధిలో అరగంటలో తెలిసిపోతుంది. ఇంత మేలు చేసిన మనిషికి పేరు పెట్టి దండం పెట్టుకోలేకపోవడం చాలా కష్టంగా ఉంది. ఇది ఆమె కంట పడితే మాత్రం గుర్తుపడతారు. ఆకుపచ్చ చీర, ఫాల్ అంటే చాలు.

నాకిప్పుడు ఐదో నెల. నాలుగో నెలలో ఆరోగ్య కేంద్రంలో రక్తం తీసుకున్నారు. గర్భిణులందరికీ చేసే పరీక్షలే: హిమోగ్లోబిన్, షుగర్, హెచ్‌ఐవీ, వీడీఆర్‌ఎల్. ఆ చివరిది దేనికోసమో నేనెప్పుడూ అడగలేదు. ఫలితంలో తేడా ఉందని, ఏరియా ఆసుపత్రికి వెళ్లాలని నెల తర్వాత గానీ కబురు రాలేదు. సిఫిలిస్. మా నాయనమ్మ కాలంలో సవాయి అనేవారు, అదీ గొంతు తగ్గించి.

ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర నా కాగితం చూసిన అతను "సుఖవ్యాధులా? పదకొండో గది" అని వెనకున్న ముప్పై మందికీ వినిపించేలా అన్నాడు. నా వెనక నిలబడిన ఆవిడ చంకలో బిడ్డను నాకు దూరంగా ఉన్న చంకకు మార్చుకుంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. కానీ ఆ కదలిక ఇప్పటికీ కళ్లముందే ఉంది. సుఖవ్యాధి అనే మాట ఎవరు పెట్టారో తెలియదు. అందులో నేను పడ్డ సుఖం ఏమీ లేదు.

పదకొండో గది మీద "సురక్ష క్లినిక్" అని బోర్డు ఉంది. లోపలికి వెళ్లలేకపోయాను. ఎదురుగా మంచినీళ్ల కుళాయి దగ్గర ఎవరికోసమో చూస్తున్నట్టు ఇరవై నిమిషాలు నిలబడ్డాను. గదిలోంచి యాభై ఏళ్ల ఆవిడ సీసాలో నీళ్లు పట్టుకోవడానికి వచ్చారు. నేత చీర, గొలుసుకు వేలాడే కళ్లజోడు. నా చేతిలో చీటీ మడతలు పడి పడి అగ్గిపెట్టె అంత అయిపోయింది. దాన్ని చూశారు గానీ దాని గురించి అడగలేదు. "లోపల ఫ్యాను ఉంది అమ్మా. ఎదురుచూసేదేదో అక్కడ కూర్చుని చూడు" అన్నారు. అంతే. ఆమే కౌన్సెలర్ మేడం.

నేను కూర్చునేలోపు బల్ల మీద తెరిచి ఉన్న రిజిస్టరు మూసేశారు. నాకంటే ముందు వచ్చినవాళ్ల పేర్లు నా కంట పడకూడదని అలా చేశారని తర్వాత అర్థమైంది. తలుపు వేశారు, తెర లాగారు. "ఇక్కడ చెప్పిన మాట ఈ గది దాటదు. చెప్పలేనిది చెప్పొద్దు. మందు సరిగ్గా ఇవ్వాలి కాబట్టి కొన్ని అడుగుతాను" అన్నారు. నొప్పి లేని పుండు వచ్చి దానంతట అదే మానిపోయిందా, అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు వచ్చాయా, కలయిక చివరిసారి ఎప్పుడు, మా ఆయన ఎక్కడ ఉంటారు. జ్వరం ఎన్ని రోజులుగా ఉందని అడిగినంత మామూలుగా అడిగారు. మా ఆయన హైదరాబాదులో ఏసీలు బాగుచేస్తారని, రెండు నెలలకోసారి వస్తారని చెప్పాను. ఆ మాటకు ఆమె కనుబొమ్మ కూడా కదల్లేదు. నేను ఆ కనుబొమ్మలే చూస్తూ ఉన్నాను.

అంతకుముందు కాన్పుల గురించి అడిగారు. పాపకు నాలుగేళ్లు. పోయినేడు ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. అది చెప్పగానే మేడం పెన్ను కింద పెట్టారు. అప్పటి నర్సింగ్ హోమ్ ఫైలు నా సంచిలోనే ఉంది. ఒక్కో కాగితం తిప్పి చదివారు. స్కానింగులు ఉన్నాయి, బిల్లులు ఉన్నాయి, బలం మాత్రల చీటీలు ఉన్నాయి. ఈ ఒక్క పరీక్ష లేదు.

"దీనివల్లే పోయిందని నేను చెప్పలేను. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ నీవల్ల పోలేదు. అది మాత్రం చెప్పగలను" అన్నారు.

మిరప కల్లంలో బస్తా ఎత్తానని, అందుకే బిడ్డ పోయిందని ఏడాదిగా వింటున్నాను. వినీ వినీ నేనూ నమ్మేశాను. ఆ రోజు ఆ గదిలో ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఏడవొద్దని ఆమె అనలేదు. బయట ఎవరో తలుపు తడుతుంటే "కాసేపాగండి" అని, నేను తలెత్తేదాకా అలాగే కూర్చున్నారు.

తర్వాత అంతా విడమర్చి చెప్పారు. మందు లేకుండా వదిలేస్తే గర్భం పోవచ్చు, బిడ్డ చనిపోయి పుట్టవచ్చు, రోగంతో పుట్టవచ్చు. మందు పడితే తల్లికీ కడుపులో బిడ్డకీ పనిచేస్తుంది. ఆ మందు పెన్సిలిన్, 1943 నుంచి ఈ జబ్బుకు అదే ఇస్తున్నారట. ఎప్పుడు సోకిందో తెలియదు కాబట్టి వారానికొకటి చొప్పున మూడు వారాలు, ప్రతిసారీ 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకూ సగం సగం. గర్భిణి ఒక్క వారం తప్పినా మళ్లీ మొదటినుంచి వేయాలి. మా ఆయన కూడా వచ్చి పరీక్ష, మందు తీసుకోవాలి. ఇద్దరిదీ పూర్తయ్యేదాకా కండోమ్ తప్పనిసరి. పక్క గదిలో మళ్లీ హెచ్‌ఐవీ పరీక్షకు పంపేముందు కూడా నువ్వు ఒప్పుకుంటేనే చేస్తారని, 2017 చట్టం ప్రకారం ఒప్పుదల లేకుండా చేయకూడదని, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదని చదివి వినిపించి సంతకం తీసుకున్నారు. గంటలో లేదని తేలింది. ఆ గంట గురించి రాయలేను.

వచ్చేముందు ఇంకొకటి అడిగారు. "ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారు?"

ఒక్కోసారి మా అత్తగారు ఎత్తుతారని చెప్పాను.

"అప్పుడు నేనెవరినని చెప్పమంటావు?"

నాకు మొదట అర్థం కాలేదు. అంతవరకూ నా సంగతి ఎవరి ముందు ఎంత చెప్పాలో ఎవరికి వాళ్లే తేల్చేశారు. చీటీ కిటికీలో అతను తేల్చాడు, కల్లంలో బస్తా కథ చెప్పినవాళ్లు తేల్చారు. ఈమె నన్ను అడుగుతున్నారు. నోటికి వచ్చింది చెప్పాను: చీరలకు ఫాల్ కుట్టే అక్క అనండి. "ఏ రంగు చీర?" అన్నారు. ఆకుపచ్చ అన్నాను. నా కార్డు మూల పెన్సిలుతో "ఫాల్, ఆకుపచ్చ" అని చిన్నగా రాసుకున్నారు.

ఆ రోజు ఇంజెక్షన్ వెంటనే దొరకలేదు. ఆసుపత్రి మందుల గదిలో నిల్వ లేదన్నారు, బయట తెచ్చుకోమన్నారు. మూడు దుకాణాల్లో లేదు. చవక మందు, లాభం ఉండదు, ఎవరూ తెప్పించరు అన్నారు. బిడ్డను కాపాడే మందు చవకగా ఉండటమే దాని తప్పా? ఎనభై ఏళ్లనాటి మందు జిల్లాలో ఒక పెద్ద ఊళ్లో దొరకకపోతే, బస్సు ఛార్జీకి డబ్బుల్లేని గర్భిణి ఏం చేస్తుంది? నాలుగో దుకాణంలో దొరికింది. మొదట ముంజేతి మీద చుక్కంత వేసి చుట్టూ పెన్నుతో గీసి చూశారు. పొడి సీసాలో నీళ్లు కలిపి ఊపితే చిక్కటి పాలలా అయింది, లావు సూది. అది ఎక్కుతున్నంతసేపూ మేడం నా తల దగ్గర నిలబడి మా పాప గురించి అడుగుతూనే ఉన్నారు. అయ్యాక అరగంట కూర్చోబెట్టారు. రాత్రికి చలిజ్వరం రావచ్చు, కంగారుపడొద్దు, పొట్ట బిగుసుకున్నట్టు ఉంటే మాత్రం వెంటనే రమ్మన్నారు. జ్వరం వచ్చింది, తెల్లారేసరికి పోయింది.

రెండో వారం సోమవారం సాయంత్రం నేను గిన్నెలు తోముతున్నాను. ఫోను మా అత్తగారు ఎత్తారు. "ఎవరో ఫాల్ కుట్టే ఆవిడట. ఆకుపచ్చ చీర అయిపోయిందట, రేపు పదింటికల్లా వచ్చి తీసుకోమంటోంది" అన్నారు. అలాగే అన్నాను. కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

మర్నాడు ఇంజెక్షన్ అయి బయలుదేరుతుంటే మేడం తన సంచిలోంచి చిన్న కవరు తీసి ఇచ్చారు. అందులో ఆకుపచ్చ ఫాల్. "ఉత్తచేతులతో వెళితే మీ అత్తగారు అడగరా? రంగు కలవలేదని మార్చి ఇచ్చారని చెప్పు" అన్నారు. ఆ ముందురోజు డ్యూటీ అయ్యాక బజారుకు వెళ్లి కొన్నారట. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. ఇది రాస్తుంటే ఆ ఫాల్ నా ఒళ్లోనే ఉంది. ఇంకా కుట్టలేదు.

ఆమెది పద్నాలుగేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగమేనని, రెండు నెలలుగా జీతం పడలేదని అటెండరు మాటల్లో తెలిసింది. ఆమె నోటినుంచి ఆ మాట రాలేదు.

మా అమ్మ మూడు మంగళవారాలూ పాపను చూసుకుంది. మా ఆయన వచ్చారు, పరీక్ష చేయించుకున్నారు, ఇంజెక్షన్లు వేయించుకుంటున్నారు. మా ఇద్దరి మధ్య మాటలు ఇక్కడ రాసేవి కావు. ఒక్కటి మాత్రం రాస్తాను. పుండు వచ్చినప్పుడు ఆయన బస్టాండు దగ్గర "రహస్య వ్యాధులు" బోర్డు చూసి వెళ్లి ఆరు వేల రూపాయల పొడులు తిన్నారట. పుండు మానింది, పొడి పనిచేసిందనుకున్నారు. ఆ పుండు మందు వేసినా వేయకపోయినా మానేదే, రోగం మాత్రం ఒంట్లో ఉండిపోతుందని మేడం చెప్పాకే తెలిసింది. ఆ బోర్డులు ప్రతి ఊళ్లో గోడగోడకీ కనిపిస్తాయి. డబ్బు తీసుకోకుండా నిజమైన వైద్యం చేసే గది ఆసుపత్రి వరండా చివర మంచినీళ్ల కుళాయి ఎదురుగా ఉందని ఏ గోడ మీదా ఉండదు. వేలకు వేలు బిల్లు వేసిన నర్సింగ్ హోమ్ ఒక చిన్న రక్త పరీక్ష రాసి ఉంటే ఈపాటికి నా ఒళ్లో ఏడాది బిడ్డ ఉండేదేమో. ఉండేదో లేదో ఎవరూ చెప్పలేరని మేడం అన్నారు. ఆమె మాట మీద గౌరవంతో ఇక్కడితో ఆపుతున్నాను.

నా ఫలితం 1:16 అని రాసి ఉంది. రెండో అంకె ఎంత తగ్గితే అంత మంచిదట, అది 1:4కో ఇంకా కిందికో దిగాలట. కాన్పుకు ముందు మళ్లీ రక్తం తీస్తారు, పుట్టాక బిడ్డకూ తీస్తారు. ఒక రకం పరీక్ష నయమయ్యాక కూడా పాజిటివ్ అనే చూపించవచ్చట, అందుకే కార్డు పారేయొద్దన్నారు. వెళ్లడానికి భయపడేవాళ్లు ముందు 1097కి ఫోను చేసి అడగవచ్చు, డబ్బులు పడవు. నాకు ఆ నంబరు ముందే తెలిసి ఉంటే కుళాయి దగ్గర అంతసేపు నిలబడేదాన్ని కాదు.

అయ్యో, ఆశా కార్యకర్త వదినను మరిచాను. మా అత్తగారి ముందు "రక్తం తక్కువగా ఉందట" అని మాత్రమే చెప్పి, నన్ను వీధి మలుపుదాకా నడిపించుకెళ్లి అసలు సంగతి చెప్పింది ఆమే. పాపకు కూడా పరీక్ష చేయాల్సి వస్తే, తన చేతి గడియారం విప్పి దాని చేతికి కట్టి, అది చూసుకుంటుండగా ఒక్క పోటుతో రక్తం తీసిన ల్యాబ్ అబ్బాయికి కూడా నా దండం. పాపకు ఏమీ లేదు. నాలుగో దుకాణంలో ఏమీ అడగకుండా పాత పేపరులో చుట్టి ఇచ్చిన అతనికి. పరీక్ష చేస్తున్నంతసేపూ దుప్పటి సరిచేస్తూ నిలబడిన ఆయమ్మకు.

ఇంకా రెండో వారం బస్సులో ఒక పెద్దాయన. నేను సరిగ్గా కూర్చోలేక ఒరుగుతుంటే ఏమీ అనకుండా తన తువ్వాలు నాలుగు మడతలు వేసి సీటు మీద పరిచారు. దిగేటప్పుడు తిరిగి ఇచ్చేయడం మరిచిపోయాను. అది మా ఇంట్లోనే ఉంది, ఉతికి పెట్టాను.