సున్నం వాడతామని రాసిచ్చి సిమెంటు పెట్టారు: కొండ మీది పాత ఇంటి పనులపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: పాత రాతి ఇంటి పునరుద్ధరణలో ఒప్పందానికి విరుద్ధంగా సిమెంటు వాడకం, దానివల్ల జరిగిన నష్టం.

అయ్యా,

కొండ మీద ఉన్న మా పాత వ్యవసాయ ఇంటిని బాగుచేసే పని మీ కంపెనీకి అప్పగించాం. కింద పశువుల కొట్టం, పైన గదులు, ఆపైన గడ్డి దాచే అటక, పలక రాళ్ల కప్పు. వివరాలన్నీ మీ ఫైల్లో ఉన్నాయి. పని పూర్తయిందంటూ మీరు చివరి బిల్లు పంపారు. దాన్ని నేను కట్టడం లేదు. ఎందుకు కట్టడం లేదో కింద రాస్తున్నాను.

రాళ్ల సందుల్లో పాడైన సున్నం తీసేసి, సహజ హైడ్రాలిక్ సున్నం (నీళ్లు కలిపితే గట్టిపడే రకం), ఇసుక కలిపిన మిశ్రమంతో మళ్లీ నింపాలని ఒప్పందంలో ఉంది. సిమెంటు వాడకూడదని విడిగా ఒక వాక్యం కూడా రాయించాను. అయినా ఉత్తరం, పడమర గోడలకు బయటి వైపు సిమెంటు పాయింటింగ్ చేశారు, అంటే రాళ్ల సందులను సిమెంటుతో నింపారు. లోపలి వైపు సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, పైన నీళ్లు పట్టని యాక్రిలిక్ పెయింట్ వేశారు. అడిగితే మీ సైట్ ఇంజనీర్ "సిమెంటు ఇంకా గట్టిది కదా మేడమ్" అన్నారు. గట్టిగా ఉండటమే ఇక్కడ సమస్య అని ఆయనకు తెలియకపోతే పాత ఇళ్ల పని ఆయనకు ఎందుకు ఇచ్చారు?

ఇది పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో ఇంగ్లండులో పేటెంటు రాకముందే కట్టిన ఇల్లు. గోడకు రెండు వైపులా పెద్ద రాళ్లు, నడుమ చిన్న రాళ్లు, మట్టి, సున్నం. పునాదిలో చెమ్మను ఆపే పొర లేదు. నేల నుంచి ఎక్కిన తడి, వానకు తడిసిన తడి సున్నపు సందుల గుండానే ఆరిపోయేవి. సిమెంటు దట్టంగా ఉంటుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. రాయి పక్కన వెంట్రుకంత సందు పడితే చాలు, నీరు లోపలికి పోతుంది. వెళ్లిన నీటికి తిరిగి బయటికి దారి ఉండదు. అప్పుడు అది రాయి గుండానే బయటపడాలి. వస్తూ వస్తూ లవణాలను మోసుకొస్తుంది, అవి రాతి పైపొర కింద స్ఫటికాలై పొరను విడగొడతాయి. దానికి తోడు కొండల్లో చలికాలం. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం పెరుగుతుంది. పడమటి గోడ రాళ్లు ఇప్పుడు పెచ్చులుగా రాలుతున్నాయి. మీరు పెట్టిన సిమెంటు మాత్రం చెక్కుచెదరలేదు! రాయి పోయి సందులోని సిమెంటు మిగలడం ఎక్కడైనా మరమ్మతు అవుతుందా?

అంతకంటే నన్ను భయపెట్టేది దూలాలు. అటక నేలను మోసే దూలాల కొనలు ఈ గోడల్లోనే ఉన్నాయి. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉంటే కుళ్లు పట్టించే శిలీంధ్రం పెరుగుతుంది. ఉత్తరం గోడ పక్కన దూలాన్ని మేకుతో పొడిస్తే మేకు సులువుగా దిగిపోతోంది, మీ పనికి ముందు తీసిన ఫోటోల్లో ఆ కొన పొడిగా, గట్టిగా ఉంది. దూలం మొత్తం మార్చేద్దామని మీ ఇంజనీర్ ఇప్పుడు కొత్త కొటేషన్ పంపారు. తడి ఎక్కడి నుంచి వస్తోందో ఆపకుండా కొత్త దూలం పెడితే అది కూడా కుళ్లుతుంది. పైగా, మీరు చేసిన నష్టానికి మీకే మళ్లీ ఆర్డరా?

కప్పు మీద నాకు ఫిర్యాదు లేదు, పలకలు పేర్చినవాళ్లు పనివచ్చినవాళ్లు. కిటికీల పెయింట్ సంగతి చిన్నది, తర్వాత మాట్లాడుకుందాం.

నా మొదటి ఉత్తరానికి జవాబుగా మీరు పాత కట్టడాల పరిరక్షణకు 1964లో రాసిన అంతర్జాతీయ సూత్రాల పత్రం వెనిస్ చార్టర్‌లో 10వ అధికరణాన్ని ఎత్తి చూపారు, ఆధునిక పద్ధతులకు అది అనుమతి ఇస్తోందని. వాక్యం మొదటి సగం వదిలేశారు. సంప్రదాయ పద్ధతులు చాలవని తేలినప్పుడే, అదీ శాస్త్రీయ ఆధారాలతో, అనుభవంతో రుజువైన పద్ధతినే వాడవచ్చని అందులో ఉంది. ఇక్కడ సున్నం చాలదని ఎవరు తేల్చారు? గోడ ఇన్నాళ్లూ దాని మీదే నిలబడింది. నాకు తోచే కారణం ఒక్కటే. ఈ సున్నం కొంత నీటితో, కొంత గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది, 5 డిగ్రీల కంటే తక్కువ చలిలో ఆ పని చేయకూడదు. మీరు ఆలస్యంగా మొదలుపెట్టారు, చలి దగ్గరపడింది, గబగబా ముగించాలనుకున్నారు. ఆ మాట చెప్పి ఉంటే వేసవి దాకా ఆగేదాన్ని.

ఇప్పుడు నేను కోరేది ఇది. మీ ఖర్చుతో సిమెంటు, పెయింట్ పూర్తిగా తీయించాలి. ఉలి, సుత్తితో చేత్తో తీయించండి, గ్రైండర్ వద్దు, అది రాళ్ల అంచులు కోసేస్తుంది. గోడలు ఆరడానికి నెలలు పడతాయి, ఆ తర్వాతే వెచ్చని రోజుల్లో సున్నం పని. ఆ పనికి సున్నంలో అనుభవం ఉన్న మేస్త్రీని నేను ఎంచుకుంటాను, కూలి మీరు ఇవ్వాలి. దూలంలో కుళ్లిన కొన మాత్రమే కోసి, అదే జాతి చెక్కతో అతుకు వేయాలి. మీ గోడౌన్‌కు తీసుకెళ్లిన పాత తలుపులు, మిగిలిన పలక రాళ్లు వెనక్కి పంపాలి. పని దశల్లో తీసిన ఫోటోలు, వాడిన సామగ్రి రికార్డు కూడా ఇవ్వాలి. మీరు చూపించిన చార్టర్‌లోనే 16వ అధికరణం వాటిని భద్రపరచమంటోంది.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాతపూర్వకంగా పంపండి. రాకపోతే ఒప్పందం, ఫోటోలు, మీ ఉత్తరం తీసుకుని లాయర్ దగ్గరికి వెళ్తాను. ఫోన్‌లో "చూస్తాం మేడమ్" అనే జవాబు నాకు వద్దు.

ఇట్లు,
ఇంటి యజమానురాలు

జతపరిచినవి: ఒప్పందం నకలు, పనికి ముందు, తర్వాతి ఫోటోలు, మీ కొత్త కొటేషన్